పిట్టదొరకి నేను రాసిచ్చిన నాలుగు పేజీలు

నన్నెరిగిన వాళ్ళెవరినైనా అడగండి. దానికి కోపం ముక్కుమీదుంటుంది, నోరు ఇంకో అడుగు ముందుంటుంది అంటారు. అలాంటి నన్ను మొన్నామధ్య పిలిచి, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలకి మనుషులతో ఎలా మాట్లాడాలో ఒక గంటసేపు చెప్పమన్నారు. నవ్వొచ్చింది నాకు. ఆ విద్యలో నేను తప్పినంత ఘనంగా మా పలాస, టెక్కలి చుట్టుపక్కల ఇంకెవరూ తప్పి ఉండరు. సరే, ఆ తప్పిన కథే చెప్పాను. గంట చాలలేదు. అందుకని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను, చదువుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నేను పలాసలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. మా ఊరు టెక్కలి, రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. ఉద్దానం తీరాన చేపలమ్ముకునే ఆడవాళ్ళ సంఘాలు చూడ్డం నా పని. నాకో జీపు, దానికో డ్రైవరు. ఆయనది రావివలస. నాకంటే పదేళ్ళు పెద్ద. పక్కన ఆఫీసరుంటే నన్ను మేడమ్ అనేవాడు, ఎవరూ లేకపోతే సెల్లీ అనేవాడు. ఆయనకి తెలియని విషయం అంటూ ఉండేది కాదు. తెలియకపోయినా చెప్పేవాడు.

అక్కుపల్లిలో ఒక సంఘానికి పెద్ద, మేమందరం పెద్దత్త అని పిలిచే మనిషి. అరవైకి దగ్గరపడ్డ వయసు, తాటిచెట్టంత నిటారు. బోట్లు ఒడ్డుకొచ్చాక చేప కొనుక్కుని, గంపకెత్తుకుని, ఆటోలో పలాస బజారుకి వెళ్ళేది. మధ్యాహ్నం ఎండకి చేప మెత్తబడేది. సాయంత్రమయ్యేసరికి అమ్మింది అమ్మగా మిగిలిన దాన్ని అడిగినవాడికి అడిగినట్టు ఇచ్చేసి రావడమే. ఇవ్వకపోతే తెల్లారేసరికి పారేయాలి. పెద్దత్త ఒక్కర్తే కాదు, ఆ ఊళ్ళో అందరి గతీ అంతే. "ఒక ఐసు గది ఉంటే సాలు, ఇంకేటీ అక్కర్నేదు మాకు," అని నెలనెలా మీటింగులో ఒకటే మాట అనేది.

ఆ ఐసు గది కోసం మేము రాయని కాయితం లేదు. చివరికి డబ్బిచ్చే సంస్థవాళ్ళు కదిలారు. ఢిల్లీ నుంచి ఇద్దరు ఆఫీసర్లు వస్తారట, అక్కుపల్లి ఒడ్డున ఒక్క రోజు చూస్తారట. సముద్రంలోనే ఐసు వేసి తెచ్చిన చేప ఎలా ఉందో, వెయ్యకుండా తెచ్చింది ఎలా ఉందో చూపించాలి. నచ్చితే గది మనకి, నచ్చకపోతే పక్క జిల్లా తీరానికి. అదీ షరతు. బోటులో ఐసు ఎలా వాడాలో నేర్పడానికి ముందుగా ఒక నిపుణుణ్ణి పంపించారు, న్యూజిలాండ్ నుంచి.

పలాస స్టేషన్లో ఆయన్ని దింపుకోవడానికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, ఎండకి కాలి ఎర్రబడ్డ మెడ, మోకాళ్ళ దాకా నిక్కరు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఆఫీసరంటే బూట్లేసుకుని దిగుతాడనుకున్నాను. చెయ్యి చాపి, "నేను కివీని, మేట్," అన్నాడు. మన దగ్గర మేటంటే కూలీల మీద ఉండే మేస్త్రీ. నన్ను చూడగానే నా ఉద్యోగం పసిగట్టేశాడే అనుకున్నాను.

కివీ అంటే వాళ్ళ దేశంలో ఒక పిట్టట. వాళ్ళని వాళ్ళు ఆ పేరుతోనే చెప్పుకుంటారట. అక్కుపల్లిలో ఆ సంగతి చెప్పేసరికి ఊరు ఊరంతా మూగింది.

"ఏ పిట్టమ్మా? పావురమా?"

"కాదు, ఎగరలేని పిట్ట."

"ఎగరనేని పిట్ట పేరెట్టుకున్నాడా! ఓలమ్మో! మరి ఇక్కడికెలగొచ్చినాడు?"

ఆ రోజు నుంచి ఆయన పిట్టదొర. ఆయనకి అర్థం చెప్తే కడుపుబ్బ నవ్వి, ఆ పేరే ఖాయం చేసుకున్నాడు.

ఇంక మా తిప్పలు వినండి. నాకు ఇంగ్లీషు వచ్చు, ఆఫీసులో డ్రాఫ్టులన్నీ నావే. కానీ ఆయన ఇంగ్లీషు నాకు రాదు. చేపని ఫుష్ అంటాడు. హవాయి చెప్పుల్ని జాండల్స్ అంటాడు. ఏ పని అప్పగించినా "షీల్ బి రైట్" అంటాడు. అంటే ఆవిడ బాగానే ఉంటుంది అని. మా డ్రైవరు నా చెవిలో, "ఎవులు సెల్లీ ఆవిడ? ఇంటికాడ ఒంట్లో బాగునేదేటి?" అని అడిగాడు. ఆయన్నే అడిగితే తేలింది, ఆవిడా లేదు ఈవిడా లేదు, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి, కంగారు పడకు అని అర్థమట. ఏదైనా నచ్చితే "స్వీట్ యాజ్" అంటాడు. దేనంత తియ్యగా అన్నది చెప్పడు, అక్కడితో ఆపేస్తాడు. నేను మిగతా మాట కోసం ఆయన మొహంకేసి చూస్తూ నిలబడేదాన్ని. డ్రైవరుకైతే మహా చిరాకు. "బెల్లంలాగనో జీడిపండులాగనో సెప్పాల గదా! సగం మాట నోట్లో ఉంచుకుని తిరుగుతాడేటి ఈ మనిసి?"

ఒకరోజు మా ఇద్దర్నీ టీకి రమ్మన్నాడు, ఆరుగంటలకి. మేం పెందరాళే భోంచేసి టీ తాగడానికి వెళ్ళాం. చూస్తే లాడ్జి గదిలో బల్లనిండా అన్నం, కూర, వేపుడు, పెరుగు. వాళ్ళ దగ్గర టీ అంటే రాత్రి భోజనమట. కాదంటే బాగుండదని మళ్ళీ తిన్నాం. డ్రైవరు జీపెక్కుతూ, "రేపు భోజనానికి పిలిత్తే ఉపాసం ఉండి ఎల్దాం సెల్లీ, టీ పోత్తాడేమో," అన్నాడు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది "యా, నా" అనే మాట. అవునూ అంటాడు, కాదూ అంటాడు, రెండూ కలిపేసరికి కాదని అర్థం. ఎదుటివాడి మనసు నొప్పించకుండా కాదనడం. ఇది విన్నాక ఆయన మీద నాకు అభిమానం పుట్టుకొచ్చింది. మన దగ్గర "సూద్దాం లే" అంటే ఏమిటి మరి? చచ్చినా చెయ్యనని కదా. సముద్రాలవతల కూడా మనలాంటి మర్యాదస్తులే ఉన్నారని సంతోషించాను.

అప్పుడే మేమొక ఒప్పందం చేసుకున్నాం. ఆయన తన మాటలు నాకు రాసివ్వాలి, నేను మన మాటలు ఆయనకి రాసివ్వాలి. లాంగ్ నోటుబుక్కులోంచి నాలుగు పేజీలు చించి, తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం, ఎప్పుడనాలో అదీ రాశాను. ఆశ్చర్యమేస్తే "ఓలమ్మో". ఇంకా ఇంట్లోనే ఉండి స్నానానికి లేస్తుంటే "ఇదిగో వచ్చేత్తన్నాను". వద్దనడానికి "సూద్దాం లే". అన్నిటికంటే పైన, మొదటి పేజీ మొదటి వరసలో, ఎర్ర సిరాతో కింద గీత గీసి మరీ రాశాను: "ఏటి బావా, ఎక్కడికి?" దీని పక్కన, ఎవరు కనిపించినా ఇదే పలకరింపు అని రాశాను.

తప్పేముంది? టెక్కలి బజార్లో పుట్టి పెరిగినదాన్ని. మా వీధిలో ఎదురుపడ్డ ప్రతివాడూ ప్రతివాణ్ణీ అదే అడుగుతాడు. జవాబు ఎవడిక్కావాలి?

పిట్టదొర ఆ కాయితాలు జేబులో పెట్టుకుని చెలరేగిపోయాడు. కోటబొమ్మాళి సంతకి తీసుకెళితే, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి "ఏటి బావా, ఎక్కడికి?" అన్నాడు. ఎద్దుల్ని తోలుకెళ్ళేవాళ్ళు, కుండలు మోసుకెళ్ళేవాళ్ళు, అందరూ పడీ పడీ నవ్వి "సంతకి మావా!" అని జవాబిచ్చారు. ఒకాయన కౌగిలించుకున్నంత పని చేశాడు. నా ఛాతీ ఇంతెత్తు పొంగింది. మా పైసారుతో, "పదిహేను రోజుల్లో మనిషిని ఉద్దానం వాణ్ణి చేసేశాను సార్," అని గొప్పలు పోయాను.

ఆఫీసర్లు వచ్చే రోజు రానే వచ్చింది. అప్పటిదాకా పిట్టదొర పలాస లాడ్జి నుంచి వచ్చేవాడు. మేం ఒడ్డుకి చేరేసరికి పదయ్యేది, అప్పటికి బోట్లు తిరిగొచ్చేవి. ఆ రోజు మాత్రం బోట్లు బయల్దేరడం చూడాలని ముందురోజు సాయంత్రమే వెళ్ళి ఊరి స్కూల్లో పడుకున్నాడు. నేను తెల్లవారుజామున పలాస ఐసు ఫ్యాక్టరీ దగ్గర దిమ్మలెక్కించుకుని, ఊక చల్లి, గోనెలు కప్పి బయల్దేరాలి. బోట్లు ఐసు కోసం ఆరింటి దాకా ఆగుతామన్నాయి. ఆఫీసర్లు మధ్యాహ్నం రెండింటికి.

ఆరుకి ఇంకా అయిదు నిమిషాలుండగా జీపు ఇసకలోకి దిగింది. చూద్దును కదా, బోట్లన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. సరే, మనకోసం ఆగారనుకున్నాను. కానీ వలలు దించేసి ఉన్నాయి. మగాళ్ళు బోట్లకి ఆనుకుని కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఒకడు పేక కూడా తీశాడు.

పిట్టదొర టోపీ ఊపుకుంటూ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఏటి మేట్, ఎక్కడికి?" అన్నాడు నాతో. తరవాత ఇంగ్లీషులో, "చీకటితోనే వచ్చేశాను. అందరినీ పలకరించాను. పదకొండు బోట్లు. ఒక్కర్ని కూడా వదల్లేదు. కానీ ఎందుకో ఎవరూ వెళ్ళలేదు. ఇవాళ సెలవా?" అని అడిగాడు.

అప్పుడర్థమైంది నాకు.

మీలో ఊళ్ళతో సంబంధం లేకుండా పెరిగినవాళ్ళకి చెప్తున్నాను. పనిమీద బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. అడిగితే పని చెడుతుంది. మరీ అడగాల్సొస్తే "దూరమా?" అంటారు. బజార్లో ఊరికే తిరిగేవాణ్ణి అడగొచ్చు, గుమ్మం దాటుతున్నవాణ్ణి అడగకూడదు. సముద్రానికి బోటు తోస్తున్నవాణ్ణి అడగడమంటే ఇంక చెప్పేదేముంది! ఇది మా అమ్మ నాకు చెప్పలేదు, వాళ్ళమ్మ ఆవిడకి చెప్పలేదు. చూసి నేర్చుకున్నాం. ఎవరూ చెప్పకుండా వచ్చింది కాబట్టి రాయాలని నాకు తోచలేదు. పిట్టదొర పాపం మర్యాదస్తుడు. ఒకర్ని పలకరించి ఒకర్ని వదిలేస్తే బాగుండదని బోటు బోటుకీ వెళ్ళి, పేరు పేరునా అడిగొచ్చాడు.

బోట్ల పెద్ద దగ్గరికి పరిగెత్తాను. ఆయన వయసులో మా నాన్నంతవాడు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"మామయ్యా, ఏటిది? మద్యాన్నం ఆఫీసర్లొస్తన్నారు. ఐసు తెచ్చాను. బోట్లు తియ్యండి," అన్నాను. కంగారులో నాకూ యాస వచ్చేస్తుంది.

"తల్లీ, మీద పడకు. ఆ బాబు మంచోడే, నవ్వుతా అడిగినాడు. మా ఆడోలు ఏడుత్తా అడిగినా, ఆయన నవ్వుతా అడిగినా, అడిగితే అడిగినట్టే. గంగమ్మ కాడికి ఎల్లీవోడ్ని ఎక్కడికని అడగీకూడదు. ఇయ్యేల ఏట నేదు."

"పదకొండు బోట్లూనా?"

"పదకొండూను. ఒక్కదాన్నీ ఒగ్గనేదు ఆ బాబు."

వెనక మా డ్రైవరు గోనె కప్పిన ఐసు దిమ్మ మీద అలాగే కూర్చుండిపోయాడు. చల్లదనం తగిలి ఒక్క గెంతు గెంతాడు. మామూలప్పుడైతే నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. బోట్లు కదలకపోతే చేప లేదు. చేప లేకపోతే ఢిల్లీవాళ్ళు ఖాళీ ఒడ్డు చూసి వెళ్ళిపోతారు. ఐసు గది పక్క జిల్లాకి పోతుంది. పెద్దత్త కొంచెం దూరంలో ఖాళీ గంప బోర్లించి దానిమీద కూర్చుని నా మొహమే చూస్తోంది. తిట్టినా బాగుండేది.

పిట్టదొర మీదికి వెళ్ళాను. నోటికొచ్చినంతా అందామనే వెళ్ళాను. దగ్గరికెళ్ళేసరికి ఆయన జేబులోంచి పైకి తేలిన కాయితం, దానిమీద నా ఎర్ర సిరా గీత కనిపించాయి. జరిగింది ఇంగ్లీషులో చెప్పాను. మనిషి మెడే కాదు, చెవుల దాకా ఎర్రబడిపోయాడు. టోపీ తీసేశాడు. "మా పడవల మీదికి అరటిపండు తేకూడదు," అన్నాడు.

నాకర్థం కాలేదు. "ఏమిటీ?"

"అరటిపండు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదు. మా నాన్నకి చాలా పట్టింపు. ఒకసారి నేను చిన్నప్పుడు తిండి సంచిలో పెట్టుకుని ఎక్కాను. సగం దూరం వెళ్ళాక చూశాడు. వెనక్కి తిప్పి, నన్ను ఒడ్డున దింపి, పడవంతా కడిగించి మళ్ళీ వెళ్ళాడు. నేనే ఇలా అడిగానని తెలిస్తే ఆయన నన్ను చంపేసేవాడు. నన్ను క్షమించమని వాళ్ళకి చెప్పు."

నేనది ఉన్నదున్నట్టు బోట్ల పెద్దకీ, చుట్టూ మూగినవాళ్ళకీ చెప్పాను. చెప్పి, "తప్పు ఆయనది కాదు, నాది. నేనే రాసిచ్చాను," అన్నాను.

వెంటనే ఎవరో కుర్రాడు, "సూపరువైజరమ్మ తప్పొప్పుకుంటంది! ఇంక ఇయ్యేల ఎల్లకపోవడమే మంచిదిరా, తుపానొచ్చీగలదు," అన్నాడు. గొల్లుమన్నారు. నా తప్పు సంగతి అక్కడితో సరి. అందరికీ అరటిపండు గోల పట్టుకుంది.

"అరటిపండా? నిజివేనా? మనం రోజూ బోటు ముక్కుకాడ అరటిపండ్లెట్టే గదరా ఎల్తన్నాం!"

"ఆల్ల సేపలకి పడదేమో."

"మరాల్లు తాంబూలంలో ఏటెడతారో!"

బోట్ల పెద్ద మాత్రం నవ్వలేదు. పిట్టదొర చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూశాడు. అరచేతుల్లో తాడు కోసిన పాత మచ్చలున్నాయి. తన చేతులు పక్కన పెట్టి చూసుకున్నాడు. "ఈడు మనోడేరా," అన్నాడు. కానీ, "ఐనా ఏటుంది, అడిగింది అడిగినట్టే. తిరుగు నేదు," అని మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు లేచింది పెద్దత్త.

"ఒరే, ఎక్కడికని ఎవులడుగుతారు? ఎరగనోడు అడుగుతాడు. ఆడ్ని మీతోపాటు ఎక్కించుకు పొండి. ఎక్కడికో ఆడే సూసుకుంతాడు. ఇంక అడిగిందేటి, సెడిందేటి?"

"పెద్దోలు ఎప్పుడన్నా ఇలగ సెప్పినారా అప్పా?" అన్నాడు బోట్ల పెద్ద.

"నాను పెద్దదాన్ని కానేటి? ఇప్పుడు సెప్తన్నాను, ఇనుకోండి. ఆ బాబు నీల్లు తెచ్చి మీ అందరికీ పొయ్యాల. ఒక గడి కూకుని లెగండి. ఆ బాబు ఎక్కాల. ఎక్కినకాణ్నుంచి సేప దిగీవరకూ నోరిప్పకూడదు. నోటితో సెడింది నోరు మూసుకుంతేనే బాగుపడతాది."

వాళ్ళు తర్జనభర్జన పడ్డారు. పది బోట్లవాళ్ళు "సూద్దాం లే" అన్నారు. అంటే ఏమిటో మీకు తెలుసు. బోట్ల పెద్ద బీడీ ఇసకలో కుక్కి, "నా బోటు తీత్తాను," అన్నాడు. నాకు ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. పిట్టదొర బిందెతో నీళ్ళు తెచ్చి ఒక్కొక్కరి దోసిట్లో పోశాడు. ఐసు ఎక్కించారు. బోటు ముక్కు దగ్గర ఎప్పట్లాగే కొబ్బరికాయ కొట్టారు, పక్కన అరటిపండ్లు పెట్టారు. బోటు తోయబోతూ బోట్ల పెద్ద ఆగి, ఆ అరటిపండ్లు తీసి పెద్దత్త గంపలో వేశాడు.

"ఆయన ఆచారం ఆయనది," అన్నాడు.

నేను మాత్రం ఎక్కడికని అడగలేదు. నోటికి చెంగు అడ్డంపెట్టుకుని నిలబడ్డాను. కెరటం దాటేదాకా చూసి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. డ్రైవరు పక్కన చేరి, "షీల్ బి రైట్, సెల్లీ," అన్నాడు. ఆ ముక్క ఆయన నోట వినేసరికి ఏడుపులోనే నవ్వొచ్చేసింది.

రెండింటికి ఆఫీసర్లు వచ్చారు, మా పైసారు కారులో. బోటు రాలేదు. కొబ్బరిబోండాలు తాగించాను. సంఘం రిజిస్టర్లు చూపించాను. సంఘం ఆడవాళ్ళ చేత పాట పాడించాను. మూడయింది. ఆఫీసర్లలో ఒకాయన పెద్దాయన, కళ్ళజోడు, మెత్తని మాట. ఇంకొకాయన మాటిమాటికీ గడియారం చూసుకునే మనిషి. పైసారు నా దగ్గరికొచ్చి పళ్ళబిగువున, "ఒక్కటే బోటా? ఎందుకొక్కటి? నిపుణుడేడీ?" అన్నారు. "సముద్రంలో ఉన్నాడు సార్, నోరు మూసుకుని," అన్నాను. నేనేదో వెటకారం ఆడుతున్నాననుకున్నారు.

మూడున్నరకి బోటొచ్చింది. అందరం నీళ్ళలోకి పరిగెత్తాం. పెద్ద వేట కాదు కానీ చందువలు, కానాగంతలు కలిపి మూడు గంపలు. పిట్టదొర ఎండకి కమిలిపోయి, పెదాలు బిగించుకుని దిగాడు. ఆఫీసరు చెయ్యి చాపి ఎలా జరిగిందని అడిగాడు. పిట్టదొర చెయ్యి కలిపాడు, తలూపాడు, పలకలేదు. ఐసు ఎంత పట్టింది అని అడిగాడు. పలకలేదు. గడియారం ఆయన నాకేసి తిరిగి, "ఈయనకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. పైసారు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊళ్ళోవాళ్ళే ఎప్పుడో అప్పుడు తప్పే మాటని ఆ పరాయివాడు ఎనిమిది గంటలు కాపాడాడని బోట్లో వచ్చినవాళ్ళు తరవాత కథలుగా చెప్పుకున్నారు. ఒళ్ళు కాలే ఎండలో కూర్చున్నా దాహమని కూడా అనలేదట.

ఆఖరి గంప ఇసక మీదికి దిగాక బోట్ల పెద్ద చెంబుతో నీళ్ళిచ్చాడు. "పుక్కిలించి ఊసీ. ఇంక మాటాడు మావా," అన్నాడు. పిట్టదొర పుక్కిలించాడు, ఉమ్మాడు, ఢిల్లీ ఆఫీసరుకేసి తిరిగి గట్టిగా, "స్వీట్ యాజ్," అన్నాడు.

ఆఫీసరు మిగతా మాట కోసం ఎదురుచూశాడు. "అంతేనండి, అక్కడే ఆగిపోద్ది," అన్నాడు మా డ్రైవరు తెలుగులో.

కానీ ఆ కళ్ళజోడు ఆఫీసరు అమాయకుడు కాదు. ఐసులో చేప చూశాడు, ఐసు లేని గంపలో చేప చూశాడు. "రెండూ ఇప్పుడే నీళ్ళలోంచి వచ్చాయి కదా, రెండూ బాగానే ఉన్నాయి. తేడా ఏముంది? రిపోర్టులో పరిశీలిస్తాం," అన్నాడు. ఆ పరిశీలిస్తాం అన్న మాట ఏ భాషలో అన్నా దాని రంగు నాకు తెలుసు. అయిపోయింది అనుకున్నాను.

పెద్దత్త నా కొంగు లాగింది. ఏమంటున్నాడో చెప్పమంది. చెప్పాను. "నిజివే గదా. ఇప్పుడేటి తెలుత్తాది? రేపు పొద్దున పలాస బజారుకి రమ్మను. ఐసు సేపని ఒక రోజు ఉంచి, రేపు నాను నిన్నటిదని సెప్పి అమ్ముతాను. కొంటే గది ఇమ్మను. కొనకపోతే ఒద్దు," అంది.

గడియారం ఆయన వద్దన్నాడు. కళ్ళజోడు ఆయన మాత్రం, మర్నాడు మధ్యాహ్నం దాకా బండి లేదు కదా, చూద్దాం అన్నాడు. ఆయనన్న చూద్దాం నిజంగానే చూద్దాం అని.

మర్నాడు పొద్దున పలాస బజార్లో పెద్దత్త ముందు రెండు గంపలు. ఒకటి విప్పగానే గడియారం ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. అది ఐసు లేనిది. రెండోదాంట్లో చందువలు మిలమిల్లాడుతున్నాయి. పెద్దత్త గొంతెత్తి, "నిన్నటి సేపలండీ, నిన్నటియ్యి! నిన్నటి సందువలు!" అని అరిచింది. బజారు బజారంతా ఆగి చూసింది. చేపలమ్ముకునే ఏ ఆడదైనా ఆ మాట అరుస్తుందా?

ఒక పెద్దమనిషి వంగి చేప తీసి, మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంది. వేలితో నొక్కాడు. వాసన చూశాడు. "ఏటమ్మా ఎటకారం? ఇయ్యేల్టి సేపని పట్టుకుని నిన్నటిదంతావేటి? మాకు సేపలు తెల్దనుకున్నావా?" అని కసిరాడు.

"నిన్నటిదే బాబూ, గంగమ్మ తోడు."

"సాల్లే, రెండియ్యి."

పక్కావిడ, ఆ పక్కాయన, వరసగా వంగారు. నేను ఒక్కొక్క మాటా ఆఫీసరుకి ఇంగ్లీషులో చెప్తూ ఉన్నాను. నాలుగో బేరానికి ఆయన, "చాలమ్మా, నాకర్థమైంది," అన్నాడు. ఐసు గది అక్కుపల్లికే వచ్చింది. కట్టడానికి ఏడాది పట్టిందనుకోండి, మన పనులంతే.

ఆఫీసర్లు స్టేషన్‌కి వెళ్ళిపోయారు. పెద్దత్త గంప కడుగుతోంది, పిట్టదొర నీళ్ళు పోస్తున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, నిన్నటి చేప అని అంతమందిలో అరిచావు కదా. ఎవరూ కొనకపోతే ఏమైపోయేవాళ్ళం? నాకైతే రాత్రంతా కంటిమీద కునుకు లేదు."

పెద్దత్త గంప పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"ఓలె గుంటా, ముప్పయ్యేళ్ళ నుంచి సేపలమ్ముతన్నాను. గంపలో సేప మిగిలిన రేతిరి ఒక్కనాడూ నాను నిద్దరోనేదు. పాడైపోతందేమోనని లెగిసి లెగిసి వాసన సూత్తాను. మా ముసిలోడు బతికున్నప్పుడు తిట్టీవోడు, పడుకోయే, నువ్వు సూత్తే అది ఆగుతాదేటి అని. నిన్న గంపడు సేప ఇంట్లో ఎట్టుకుని పడుకున్నాను. తెల్లారి మా కోడలొచ్చి లేపితే గాని మెలకువ రానేదు."

పిట్టదొర చెంబు పట్టుకుని, ఏమంటోందని నన్నడిగాడు. అంతా చెబుదామని నోరు తెరిచాను. రాత్రి నిద్రపోయిందట, అని మాత్రం చెప్పాను.